ప్రార్థన ఫలింపని వేళ ఈశ్వరవిశ్వాసము

2018వ సంవత్సరము అక్టోబరు 10వ తేదీన శరన్నవరాత్రములు ఆరంభమైనవి. శ్రీకాకుళమండలపు ఉత్తరభాగమున, సముద్రమునకును మహేంద్రగిరికిని నడుమనున్న ఉద్దానపు పల్లెలు దేవికి దీపము పెట్టి పండుగ మొదలిడినవి. మరునాడు వేకువను, ఇంకను వెలుగు రాకమునుపే, తిత్లీ యను తుపాను పలాస చెంత తీరము దాటి ఆ ప్రాంతమును చీల్చివైచెను. తిత్లీ యనగా సీతాకోకచిలుక యట! పేరు పెట్టినవారికి దాని స్వభావము ముందుగా తెలియదు గదా.

ఉద్దానమన్న పేరు ఉద్యానశబ్దమునుండి వచ్చినదని చెప్పుదురు. ఆ పేరు దానికి తగియేయుండెను. ఇచ్ఛాపురము మొదలు వజ్రపుకొత్తూరు వరకు కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు ఒకదాని నొకటి ఒరసికొని పెరిగి, మిట్టమధ్యాహ్నమున బాటసారికి చల్లని నీడ నిచ్చుచుండెడివి. దేశవాళి కొబ్బరిమొక్క నాటిన ఆరేడేండ్లకుగాని కాపునకు రాదు. వచ్చిన పిమ్మట రెండు తరముల వారిని పోషించును. కావుననే అచ్చటి రైతు దానిని కన్నకొడుకుతో సమానముగా చూచుకొనును. అట్టి చెట్లు కొన్ని గడియలలో వేళ్లతో పెకలి, నడిమికి విరిగి, నేలగూలినవి. తండ్రి నాటిన చెట్లు పోయినవి. తాను నాటబోవు చెట్లు కాపునకు వచ్చునప్పటికి తన కొడుకు పెరిగి పెద్దవాడగును. నడుమనున్న యేండ్లు ఎట్లు గడచును?

దీపము పెట్టిన మరునాడే దెబ్బ తగిలిన యిల్లు ఏమనుకొనవలెను? ‘మేము పిలిచినప్పుడు పలుకలేదేమి?’ యను ప్రశ్న పామరుని నోటనే కాదు, వేదాంతము చదివినవాని గుండెలోను పుట్టును. ఈ ప్రశ్నను నాస్తిక్యమని త్రోసివేయువారు తమ యింట ఇంకను కీడు చూడనివారు. మన సంఘములలో దీనిని వినినంతనే ఒక చక్కని వాక్యముతో దాటిపోవు అలవాటు కలదు. ఆ యలవాటును విడిచి, ఈ విషయమును కొంచెము నిలిచి విచారింతము.

తుపాను ఒక రాత్రిది. అదే ఉద్దానమున ఎడతెగక సాగుచున్న కీడు వేరొకటి కలదు. అది మూత్రపిండముల వ్యాధి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురము, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలములలో 1990 తరువాతి కాలమునుండి వైద్యులు దీనిని గుర్తించుచు వచ్చిరి. మధుమేహము, రక్తపుపోటు గలవారికి మూత్రపిండములు చెడుట ఎల్లెడల నున్న సంగతియే. ఇచ్చటనో, ఆ రెండును లేక, పొలమున కష్టించి పనిచేయు నడివయసువానికే అది తరచుగా వచ్చుచున్నది. మొదట నొప్పిలేదు, జ్వరము లేదు. కాళ్లు ఉబ్బి, ఆకలి చచ్చి, ఆయాసము వచ్చి ఆసుపత్రికి పోవునప్పటికి లోపలి పని చాలవరకు చెడియుండును. రక్తములో క్రియాటినిన్ ఎంత యున్నదను మాట ఆ పల్లెలలో చదువురాని ముసలమ్మకును తెలిసిన మాట. ఆ పిమ్మట డయాలసిస్. వారమునకు రెండు మూడు మారులు, మారుమారునకు సుమారు నాలుగు గంటలు యంత్రము ప్రక్కన కదలక పరుండవలెను. పోవువానికి తోడొకడు కావలెను. అనగా ఒక రోగము రెండు కూలిదినములను మ్రింగును.

దీనికి కారణమేమి? భూగర్భజలములోని సిలికా యని కొందరు, లోహములని కొందరు, పురుగుమందులని కొందరు, చాలినంత నీరు త్రాగక ఎండలో చేయు కాయకష్టమని కొందరు, ఒళ్లునొప్పులకు మ్రింగు బిళ్లలని కొందరు, వంశక్రమమని కొందరు వెదకిరి, వెదకుచున్నారు. ఏ యొక్కటియు తానే కారణమని ఇంతవరకు తేలలేదు. శ్రీలంకయొక్క ఉత్తరమధ్య రాష్ట్రపు వరిసేద్యగాండ్రలోను, మధ్య అమెరికాయందు నికరాగ్వా, ఎల్ సాల్వడోరు దేశముల చెరకుతోటల కూలీలలోను ఇట్టిదే యొక వ్యాధి కలదు. ఎండ, నీరు, చెమట, పేదరికము ఈ మూడు చోట్లను కలిసియున్నవి. అంతకుమించి నిశ్చయముగా చెప్పుట కష్టము.

తుపానుకంటె ఇది విశ్వాసమునకు కఠినమైన ప్రశ్న. తుపాను వచ్చిన మరునాడు బియ్యపు బస్తాలతో జనులు వత్తురు, పత్రికలు వ్రాయును, అందరి దుఃఖము ఒక్కటిగా నుండుటచే ఒకరినొకరు ఓదార్చుకొందురు. ఈ వ్యాధి ఒక్కొక్క యింటికి వేరువేరుగా వచ్చును. తండ్రి పోయిన కొన్నియేండ్లకు కొడుకునకు వచ్చును. ప్రార్థన ఇరువది యేండ్లు సాగును. శాస్త్రజ్ఞుని అడిగినను తెలియదనును; దేవుని అడిగినను పలుకడు.

ఇట్టి వేళకు మన దేశమున రెండు సమాధానములు సిద్ధముగా నుండును. మొదటిది పాపఫలమనుట. ఈ జన్మలో గాకున్న పూర్వజన్మలో చేసినదనుట. దీనిని అజ్ఞానులే చెప్పుదురని తలపరాదు. 1934 జనవరి 15వ తేదీన బీహారున మహాభూకంపము సంభవించి ముంగేరు, ముజఫరుపురము మొదలగు పట్టణములు కూలి, వేలకొలది జనులు మడిసిరి. అప్పుడు అస్పృశ్యతానివారణమునకై దేశయాత్ర చేయుచుండిన గాంధీమహాత్ముడు, అస్పృశ్యతయను పాపమునకు ఈశ్వరుడు పంపిన దండనమే యీ భూకంపమని చెప్పెను. అస్పృశ్యతను ఆయనతో సమానముగా గర్హించిన రవీంద్రనాథుడు దానికి సమ్మతింపలేదు. భౌతికమైన ఉత్పాతమునకు భౌతికమైన కారణములే యుండుననియు, దానిని మనుష్యుల నీతితో ముడిపెట్టుట తగదనియు, ఇట్టి వాదము మహాత్మునికంటె ఆయన ప్రతిపక్షులకే యెక్కువ పనికివచ్చుననియు వ్రాసెను. నిజమే గదా, ఆలయద్వారములు తెరిపింప జూచినందుకే భూమి కంపించెనని పూర్వాచారపరులు అనిన కాదను దారి యేది? గాంధీ ఆ ఖండనమును తన హరిజన పత్రికలోనే ప్రకటించి, తన విశ్వాసమును విడువక సమాధానము వ్రాసెను. ఒకరి నొకరు ప్రేమించు పెద్దలు వాదించు తీరు అట్లుండును. ఆ మర్యాదను ఇరువురయందును మెచ్చుకొనుచునే, విషయమున మేము రవీంద్రుని పక్షము వహింతుము. ఇల్లు కూలి క్రిందపడి చచ్చినవారిలో అంటరానివారని యెవరిని దూరముగా నుంచిరో వారును కలరు. తప్పు చేసినవానిని, తప్పునకు గురియైనవానిని ఒక్క దూలముక్రింద నలిపివేయు దండనమును ఏ న్యాయాధిపతికి అంటగట్టగలము?

ఈ పాపఫలవాదమునకు మరియొక దోషము కలదు. మనుష్యుడు చేసిన దానిని దేవునిపై వేయుటకు అది మిక్కిలి అనుకూలమైనది. విజయనగరమువారికి ఇది క్రొత్తసంగతి కాదు. పసిపిల్లలను ముసలివారికి అమ్మి, ఆ పిల్లలు వితంతువులైన పిమ్మట వారి తలవ్రాత యని చెప్పుకొనిన కాలము అచ్చటను ఉండెను. మహారాజ ఆనందగజపతి అట్లు ఊరకుండక, విశాఖపట్టణమండలమున బ్రాహ్మణకుటుంబములలో మూడేండ్లలో జరిగిన శుల్కవివాహముల పట్టిక నొకదానిని వ్రాయించెను. లెక్క 1,034కు చేరెను. గురజాడ అప్పారావు 1897లో తన కన్యాశుల్కనాటకమునకు వ్రాసిన పీఠికలో ఆ యంకెలను ఇచ్చెను. వారిలో అయిదేండ్ల పిల్లలు 99 మంది, ఏడాది పిల్లలు ముగ్గురు. బ్రహ్మ వ్రాసెనని నమ్మినవానికి ఈ పట్టిక అక్కరలేదు. వ్రాసినది బ్రహ్మ కాదని అనుమానించినవాడే లెక్క పెట్టును. ఉద్దానపు వ్యాధిగ్రస్తునితో నీ కర్మ మనువాడును, తెలిసియో తెలియకయో, బావినీరు పరీక్షింపవలసినవాని చేయి పట్టుకొని ఆపుచున్నాడు.

రెండవ సమాధానము మొదటిదానికంటె మృదువైనది. కావుననే విద్యావంతులకు అది ఎక్కువ యిష్టము. అంతయు మన మేలునకే యనుట. దీనికి ఉదాహరణములు మన సీమలోనే దొరకును.

శ్రీముఖలింగమునకు చేరువనున్న పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైయుండి, కొండలలోని సవరల భాష నేర్చుకొనుటకై అడవులలో తిరిగెను. అచ్చట మలేరియా పట్టుకొనెను. దానికి క్వినైను విశేషముగా పుచ్చుకొనగా వినికిడి పోయెను. మాటల సవ్వడిని పట్టుకొనుటయే పనిగా నున్నవానికి చెవి పోవుట! ఆయన పని మానలేదు. సవరపిల్లలకు వారి భాషలోనే బడులు పెట్టించెను, పుస్తకములు వ్రాసెను. 1931లో సవరభాషావ్యాకరణము ప్రకటితమయ్యెను. 1940లో ఆయన పరలోకగతుడగువరకు ఆ దీక్ష సడలలేదు. (యావజ్జీవము తానెదిరించిన గ్రాంథికభాషలో తన కథను చెప్పుచున్నారని యెరిగిన ఆయన నవ్వుకొనునేమో.)

విజయనగరముననే మరియొక కథ. అచ్చట 1919లో విజయరామగజపతి మహారాజు సంగీతకళాశాలను స్థాపించెను. సంస్థానోద్యోగి యొకని కుమారుడు, అంధుడైన చాగంటి గంగరాజు అను బాలుని నిమిత్తముననే అది పుట్టినదని ప్రసిద్ధి. ఆదిభట్ల నారాయణదాసు దానికి ప్రథమాధ్యక్షుడయ్యెను. ద్వారం వేంకటస్వామినాయుడు అచ్చట వయొలిను నేర్పెను. తరువాతి కాలమున ఘంటసాల వేంకటేశ్వరరావు, పి. సుశీల అచ్చటనే విద్య నభ్యసించిరి. ఆంధ్రదేశమున వారి కంఠము వినని యిల్లు లేదు.

ఈ రెండు కథలను చెప్పి, చూచితిరా, చెవి పోవుట మేలునకే యైనది, కన్ను లేకపోవుట మేలునకే యైనది యని ముగించు ఉపన్యాసములను మనము వినియుందుము. చప్పట్లును కొట్టియుందుము. ఈ లెక్క మాకు రుచింపదు. ఊరికి సంగీతకళాశాల నిచ్చుటకు ఒక బాలుని కన్నులను ఈశ్వరుడు వెలగా తీసికొనెనని చెప్పుట, ఆయనను శుల్కము పుచ్చుకొని పిల్లనిచ్చు బేరగానిగా చేయుటయే. మేలు పుట్టినది నిజము. అది కీడునకు వెల కాదు. కీడు వచ్చి యెదుట నిలిచినప్పుడు ఒక తండ్రి బిడ్డనుగూర్చి చింతింపగా, ఒక రాజు విని కదలగా, కొందరు గురువులు కూర్చుండి నేర్పగా పుట్టిన మేలు అది. చూపులేని బాలురు మఱి యెందరో పుట్టిన యూళ్లలో ఏ కళాశాలయు లేవలేదు. ఉద్దానమున ఇంటి యజమాని పోయి, అప్పు మిగిలి, పిల్లవాని చదువు ఆగిన యింటిలో నిలువబడి దీనిలోని మేలు చూపుడని అడిగిన, ఏమి చూపగలము? చూపలేని దానిని చూపితిమని చెప్పుట సత్యస్వరూపుని పేర అసత్యమాడుటయే.

ఇచ్చట మనవారిని గూర్చియు ఒక మాట చెప్పక తప్పదు. బిడ్డకు నయమైన పైడితల్లి సిరిమాను ఉత్సవమునకు వచ్చి మ్రొక్కు చెల్లింతునను తల్లిని చూచి మనము నవ్వుకొందుము. ఆమె ప్రేమను నవ్వుట తప్పు. ఆమె బేరమును కాదనుట తప్పు కాదు. కాని మనము విగ్రహమును విడిచితిమేగాని బేరమును విడిచితిమా? ఉపాసన తప్పలేదు, లంచము ముట్టలేదు, వితంతువివాహమునకు నిలిచి వెలివేతకు ఓర్చుకొంటిమి, దళితబాలురకు చదువు చెప్పించితిమి. ఇట్టివారి యింట పడుచువాడు పోవునా యని లోలోపల అనుకొనుట బేరము కాదా? సత్కార్యమును బయానాగా ఇచ్చి రక్షణమును కొనజూచువాడు, మ్రొక్కుకొన్న తల్లికంటె ఏమి యధికుడు? ఆమె టెంకాయ ఇచ్చును, మనము సంస్కరణ మిత్తుము. అంతే భేదము.

ఈ విషయమున మన పురాణములు మన ప్రవచనములకంటె నిజాయితీ గలవని తోచును. మొసలి పట్టిన గజేంద్రుడు పిలువగా శ్రీహరి ఉన్నవాడు ఉన్నట్లే పరుగెత్తి వచ్చిన కథను తెలుగువారి పిల్లలు పోతన భాగవతమునుండి నేర్చుకొందురు. అదే హరి అవతారమని చెప్పబడు శ్రీకృష్ణుడు అభిమన్యునకు మేనమామ, వాని తండ్రికి సారథి. అట్టి యింటి బాలుడు పద్మవ్యూహములో ఒంటరియై కూలెను. ఆనాడెవరును పరుగెత్తి రాలేదు. భారతము దీనిని దాచలేదు; సుభద్ర యేడ్పును దాచలేదు. గజేంద్రుని ఘట్టము చదివి ద్రోణపర్వము మూసివేయువాని భక్తి సగము గ్రంథముమీద కట్టిన భక్తి.

సుభద్ర యేడ్చినట్లే నిష్ఠురమాడినవారును మన భక్తులలో కలరు. కంచెర్ల గోపన్న గోలకొండ చెరలో నుండి రాముని నిలదీసి అడిగెను. తాను చేయించిన నగలను ఎత్తిచూపి దెప్పెను. ఆ కీర్తనలను తెలుగునేల నేటికిని భక్తికీర్తనలుగానే పాడుకొనుచున్నది. దానిలో గొప్ప వివేకము కలదు. పరాయివానితో ఎవడును నిష్ఠురమాడడు. కావున దుఃఖితుడు ఈశ్వరునితో తగవులాడుచున్న యెడల, అతని విశ్వాసము చచ్చెనని తొందరపడి తీర్పు చెప్పరాదు. మాటలాడుట మానినవానిని గూర్చియే చింతింపవలెను.

ఈశ్వరుడు నియమములచే జగత్తును పాలించుననియు, ఒకరి నిమిత్తము నియమము తప్పడనియు మనవారు చెప్పుదురు. ఇది సత్యమే. బంగాళాఖాతపు వెచ్చదనమువలన లేచిన ఆవిరి మేఘమై వర్షించుటచేతనే నాగావళి, వంశధార పారుచున్నవి, వరిమడులు పండుచున్నవి. ఆ వెచ్చదనమే ఆశ్వయుజమాసమున తుపానులను పెంచుచున్నది. ఉద్దానమును తప్పించుటకై ఆ నియమమును మార్చిన, ఏ నీటితో ఏరు పారును? ఈ వాదము బుద్ధికి చాలును. గూలిన తోటలో నిలిచినవానికి చాలదు. నియమము నిష్పక్షపాతమని చెప్పిన, అతడు ‘నాకు నియమము కాదు, నా తండ్రి కావలెను’ అనును. ఆ మాటకు ప్రత్యుత్తరము ప్రకృతిశాస్త్రములో లేదు. మూత్రపిండవ్యాధి విషయమున నియమమేదో కూడ ఇంకను తెలియదు.

అట్లైన విశ్వాసమనగా నేమి? ఈశ్వరుడు ఇట్లు చేయునని ముందుగా చెప్పగలుగుట విశ్వాసము కాదు, అది జోస్యము. ఆయన ఇట్లెందుకు చేసెనో పిమ్మట వివరింపగలుగుటయు విశ్వాసము కాదు, అది వకీలుపని. ఆయన మంగళస్వరూపుడన్న మాటకు బయట సాక్ష్యము దొరకని దినమున, ఆ మాటను మన నడవడిచే నిలువబెట్టుటయే విశ్వాసమని మా యభిప్రాయము. ఆయన దయామయుడని నమ్మినవాడు, దయ కానరాని యింటికి తాను దయతో పోవును. ఆయన సత్యస్వరూపుడని నమ్మినవాడు, వ్యాధికి సత్యమైన కారణము కలదని నమ్మి, అది దొరకువరకు వెదకుట మానడు. ముప్పది యేండ్లు దొరకకున్నను మానడు.

భూకంపమును దండనమని యొప్పుకొనని రవీంద్రుని జీవితమునే చూడుడు. ఆయనకు 1902లో భార్య మృణాళినీదేవి పోయెను. 1903లో కుమార్తె రేణుక పోయెను. 1905లో తండ్రి, బ్రాహ్మసమాజమునకు మహర్షియైన దేవేంద్రనాథుడు పోయెను. 1907లో చిన్నకుమారుడు శమీంద్రుడు, పదునొకండేండ్లవాడు, సెలవులకు పోయిన చోట విషూచిచే మరణించెను. ఆ చోటు ముంగేరు. ఇరువదియారేండ్లు దాటిన పిమ్మట భూకంపమున కూలిన పట్టణములలో అదియే ముఖ్యమైనది. అచ్చట మడిసినవారి దుఃఖమును ఒక పాపపు పద్దులో వ్రాయుటకు ఆయన మనసొప్పకుండుట ఆశ్చర్యమా? 1901లో తాను పెట్టిన శాంతినికేతనపు పాఠశాలను ఈ మరణముల నడుమను ఆయన మూయలేదు. ఇతరుల పిల్లలు చదువుకొనుచునేయుండిరి. ఉపాసనయు సాగుచునేయుండెను.

ఇట్లు చెప్పినంతనే, సర్వము మనుష్యుడే చేయవలసియున్న యెడల ఈశ్వరునితో పనియేమి యని కొందరు అడుగుదురు. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలకొలది ప్రాణములు పోయినవి. 2018లో తిత్లీ చెట్లను పెకలించినను, ఆంధ్రతీరమున చచ్చినవారి సంఖ్య దానితో పోల్చదగినది కాదు. నడుమనున్న నలువదియేండ్లలో సముద్రము మంచిదైపోలేదు. ఉపగ్రహములు, రాడారులు, ముందుగా చాటింపు, గట్టి కట్టడములు, రాత్రివేళ తలుపుతట్టి జనులను లేపు ఉద్యోగులు వచ్చిరి. దివిసీమలో మునిగిపోవుచు పిలిచినవారి ప్రార్థనకు ఇది ప్రత్యుత్తరమని చెప్ప సాహసింపము, వారు పోయిరి. అయినను, ఇంకొకరు అట్లు పోరాదను చింత మనుష్యుల హృదయములలో నలువదియేండ్లు ఆరక వెలిగినది గదా. ఆ చింత యెక్కడనుండి వచ్చినదని మమ్మడిగిన, మేము ఈశ్వరుని పేరు చెప్పుటకు వెనుదీయము. తుపానులో ఆయన హస్తము చూపుడనిన చూపలేము.

ఉద్దానముననుగూడ పని నిలిచిపోలేదు. భూగర్భజలమునకు మారుగా హీరమండలము జలాశయమునుండి శుద్ధిచేసిన నీటిని గొట్టములద్వారా పల్లెలకు తెచ్చు సుమారు 700 కోట్ల రూపాయల పథకమును, పలాసలో 200 పడకల ఆసుపత్రిని, మూత్రపిండవ్యాధుల పరిశోధనకేంద్రమును 2023 డిసెంబరు 14వ తేదీన ప్రారంభించిరి. నీరే కారణమని తేలకముందే నీరు మార్చుట తొందరపాటని యనువారు కలరు. మాకట్లు తోచదు. అనుమానమున్న గ్లాసును బిడ్డ చేతినుండి తీసివేయుటకు ఏ తల్లియు పరిశోధన ముగియువరకు కాచుకొనదు. పరిశోధనము వేరుగా జరుగుచుండవలెను, జరుగుచున్నది.

ప్రార్థనను గూర్చి కొంచెము చెప్పి ముగింతుము. కోరికయే కూడదు, స్తుతియు ధ్యానమును మాత్రమే తగునని చెప్పువారు మన మందిరములలో కలరు. వారి బిడ్డకు జ్వరము వచ్చిన రాత్రి వారును కోరుదురు. కోరకుండిన మేము వారిని మెచ్చము. నయము చేయుమని అడుగుట బిడ్డకు తగిన చనవు. నయము చేసిననే నిన్ను నమ్ముదుననుట వర్తకము. మొదటిదానిని సిగ్గుపడక చేయవలెను, పేరుపెట్టి, వ్యాధి పేరు చెప్పి, గట్టిగా అడుగవలెను. ‘నీ చిత్తము’ అను మాటను మొదటనే వేసి కోరికను చల్లార్చుకొనుట వినయము కాదు. నిరాశకు ముందుగా వేసికొను కవచము. అడిగి, కన్నీరు కార్చి, ఆ పిమ్మట చివరకు అనదగిన మాట అది.

వ్యాధిగ్రస్తుని యింటికి పోవు మన సోదరులు కారణములను వాకిటనే విడిచిపోవలెను. కర్మమును, పరీక్షయు, మేలును, నియమమును అతడు మనకంటె ఎక్కువ మారులు ఆలోచించియున్నాడు. కూర్చుండి వినవలెను. ఏయే దినములలో డయాలసిస్ కు పోవలెనో, తోడెవరు వత్తురో అడిగి, తోడులేని దినమున తాము పోవలెను. పిల్లల చదువు ఆగినదేమో కనుగొనవలెను. గొట్టపునీరు ఆ వీధికి వచ్చుచున్నదా, లేక బావినీరే త్రాగుచున్నారా చూచి, రాకున్న అధికారులకు వ్రాయవలెను. జవాబు రాకున్న మరల వ్రాయవలెను. ఇంటివారు కోరినయెడల ప్రార్థన చేయవలెను, చిన్నదిగా. క్రియాటినిన్ తగ్గినను పెరిగినను, మరుసటి వారము అదే దినమున అదే గుమ్మమున కనబడవలెను.